సాఫ్ట్‌నర్ పెట్టినా టీడీఎస్ ఎందుకు తగ్గదు? బోరు నీళ్ళ కాఠిన్యం వెనక ఉన్న లెక్కలు

ఎండాకాలం ముదిరేసరికి హైదరాబాద్ శివారు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఒకటే గోల. బోర్లు అడుగంటుతాయి, ట్యాంకర్లు వరస కడతాయి, కుళాయి మూతుల చుట్టూ తెల్లగా పెచ్చు కడుతుంది. గీజర్ కాలిపోయిందని ఒకరు, జుట్టు ఊడిపోతోందని ఇంకొకరు. చివరికి అందరూ కలిసి గట్టి నీళ్ళను మెత్తబరిచే సాఫ్ట్‌నర్ పెట్టిస్తారు. వారం తిరక్కముందే ఎవరో ఒకరు టీడీఎస్ మీటర్ ముంచి ఫొటో పెడతారు: "ముందు 900 ఉండేది, ఇప్పుడు 920. ఇంత డబ్బు పోసింది ఇందుకేనా?"

ఆ ఫొటో వెనక మోసమేమీ లేకపోవచ్చు. సాఫ్ట్‌నర్ సరిగ్గా పనిచేస్తే టీడీఎస్ తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. అదెలాగో అర్థమైతే ఏ పరికరం మన ఇంటికి పనికొస్తుంది, ఏది గోడకు వేలాడే అలంకారం అన్నది చాలావరకు కాగితం మీదే తేలిపోతుంది. సేల్స్‌మన్ మాట వినాల్సిన అవసరం సగానికి సగం తగ్గుతుంది.

టీడీఎస్ వేరు, కాఠిన్యం వేరు

టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాలన్నిటి మొత్తం. మామూలు ఉప్పు, కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సల్ఫేట్లు, నైట్రేట్లు, అన్నీ అందులోకే వస్తాయి. చేతిలో పట్టుకునే మీటర్ వీటిని విడివిడిగా చూడదు. నీళ్ళలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో కొలిచి, దాన్నిబట్టి ఒక అంకె చూపిస్తుంది.

కాఠిన్యం అంటే ఆ మొత్తంలో కాల్షియం, మెగ్నీషియంల వాటా మాత్రమే. దీన్ని కాల్షియం కార్బొనేట్‌కు సమానంగా లెక్కగట్టి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. పీపీఎం అన్నా ఇంచుమించు అదే.

రెండు బోర్లు తీసుకుందాం. రెండింటి టీడీఎస్ 900. మొదటిది హైదరాబాద్‌లో రాతి నేలలో వేసింది, కాఠిన్యం 550. రెండోది సముద్రానికి దగ్గర్లోని ఊళ్ళో ఉంది. నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటుంది కానీ కాఠిన్యం 200 మాత్రమే, మిగతాదంతా ఎక్కువగా మామూలు ఉప్పు. మీటర్‌కు ఈ రెండూ ఒకటే. సాఫ్ట్‌నర్‌కు మాత్రం కాదు. మొదటి ఇంట్లో అది గీజర్‌ను కాపాడుతుంది. రెండో ఇంట్లో ఉప్పదనాన్ని ఒక్క పిసరు కూడా తగ్గించలేదు.

ఎంత ఉంటే ఎక్కువ అన్నదానికి రెండు రకాల గీతలున్నాయి, గందరగోళం అక్కడే పుడుతుంది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వర్గీకరణలో 60 లోపు మెత్తని నీళ్ళు, 120 దాటితే గట్టి నీళ్ళు, 180 దాటితే చాలా గట్టివి. మన బీఐఎస్ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 దాకా ఆమోదయోగ్యం, వేరే దారి లేనప్పుడు 600 దాకా సరే. అంటే అక్కడి లెక్కన చాలా గట్టి నీళ్ళనిపించుకునేవి ఇక్కడి ల్యాబ్ రిపోర్టులో "పరిమితి లోపలే" అని రావచ్చు. రిపోర్టు తప్పేమీ కాదు. ఆ ప్రమాణం తాగే మనిషి కోసం రాసింది, గీజర్ కోసం కాదు.

ఈ కాల్షియం ఎక్కడిదంటే, నేలలోదే. వాన నీటిలో కాఠిన్యం దాదాపు ఉండదు. మట్టిలోంచి దిగేటప్పుడు అది కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా ఆమ్లంగా మారి రాళ్ళను కరిగిస్తుంది. పల్నాడు, కర్నూలు, కడప, తాండూరు వైపు నేల కిందంతా సున్నపురాయే. పిడుగురాళ్ళలో సున్నం బట్టీలు, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు అందుకే వచ్చాయి. అక్కడ బోరు నీళ్ళు గట్టిగా ఉండటంలో వింత లేదు. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ అయినా, ఆ రాతిలోని ఖనిజాల నుంచి, పైమట్టిలోని సున్నపు గడ్డల నుంచి కాల్షియం దిగుతుంది. రాతి పగుళ్ళలో ఎక్కువ కాలం నిలవున్న నీళ్ళు సాధారణంగా ఇంకా గట్టిగా ఉంటాయి. నదుల నుంచి వచ్చే మునిసిపల్ నీళ్ళు వీటికంటే చాలా మెత్తన. కుళాయి నీళ్ళు, బోరు, ట్యాంకర్ ఒకే సంపులో కలిసే ఇంట్లో కాఠిన్యం నెలకో రకంగా ఉంటుంది కాబట్టి, వర్షాకాలంలో ఒకసారి చేయించిన పరీక్షను నమ్ముకుని ఏప్రిల్‌కు సరిపడే పరికరం ఎంచుకోవడం కష్టం.

నిజంగా నష్టం ఎక్కడ?

పప్పు దగ్గర మొదలుపెడదాం. గట్టి నీళ్ళలో కందిపప్పు ఉడకదన్నది మన వంటిళ్ళలో తరాలుగా తెలిసిన సంగతే. గింజ కణాల మధ్య జిగురులా ఉండే పెక్టిన్‌తో కాల్షియం గట్టిగా ముడిపడుతుంది, దాంతో పప్పు మెత్తబడదు. చిటికెడు వంటసోడా వేస్తే ఉడకడానికి కారణం కూడా ఈ రసాయనమే.

సబ్బు సంగతి అందరికీ కనిపించేదే. సబ్బు కాల్షియంతో కలిస్తే నురగకు బదులు నీళ్ళలో కరగని తెట్టు వస్తుంది. బకెట్ అంచున బూడిదరంగు చార, టవల్ గరుకుదనం, స్నానం చేశాక ఒంటి మీద మిగిలే పొర, ఇవన్నీ అదే. షాంపూ, డిటర్జెంట్లలో ఉండేవి అసలు సబ్బు కాదు కాబట్టి అవి ఇంతగా తెట్టు కట్టవు. అయినా గట్టి నీళ్ళలో పొడి ఎక్కువ వేయాల్సి వస్తుంది.

డబ్బు లెక్కన పెద్ద నష్టం వేడినీళ్ళ దగ్గర. కాఠిన్యంలో రెండు రకాలుంటాయని బళ్ళో చదువుకున్నాం. బైకార్బొనేట్ల వల్ల వచ్చేది తాత్కాలికం, సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది శాశ్వతం. వేడి చేస్తే బైకార్బొనేట్ విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా పేరుకుంటుంది. గీజర్ ఎలిమెంట్ మీద సున్నపు పెంకు కట్టేది అదే. పెంకు మందమయ్యేకొద్దీ ఎలిమెంట్‌లోని వేడి బయటి నీళ్ళకు చేరదు, ఎలిమెంట్ లోపలే వేడెక్కి కాలిపోతుంది. థర్మోస్టాట్‌ను 70 డిగ్రీల మీద పెట్టేవాళ్ళ గీజర్‌లో పెంకు త్వరగా కడుతుంది, 50 మీద పెడితే నెమ్మదిగా కడుతుంది. సాఫ్ట్‌నర్ ఊసే లేకుండా, రూపాయి ఖర్చు కాకుండా దొరికే ఉపశమనం ఇది. ఎందుకో దీన్ని ఎవరూ చెప్పరు.

ఇక ఆరోగ్యం. ఈ నీళ్ళు తాగడం వల్ల చెడు జరుగుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రాలు చెబుతున్నాయి. కిడ్నీలో రాళ్ళకు బోరు నీళ్ళే కారణమన్న మాట మన దగ్గర బాగా ఉంది. ఆ రాళ్ళలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్‌వే అయినా, చాలినన్ని నీళ్ళు తాగకపోవడమే వాటికి పెద్ద కారణం. ఎండలో పనిచేసే ప్రాంతాల్లో ఈ రెండింటినీ విడదీసి చూడటం కష్టం.

చర్మం విషయంలో మాత్రం ఒక మంచి ప్రయోగం జరిగింది. ఇంగ్లండ్‌లో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల్లో సగం మంది ఇళ్ళలో సాఫ్ట్‌నర్ బిగించి 12 వారాలు చూశారు. ఫలితాలు 2011లో వచ్చాయి. పిల్లలను పరీక్షించిన నర్సులకు ఎవరింట్లో సాఫ్ట్‌నర్ ఉందో తెలియదు. వాళ్ళ కొలతల్లో తేడా కనిపించలేదు. సంగతి తెలిసిన తల్లిదండ్రులకు మాత్రం కాస్త నయమనిపించింది. జుట్టు రాలడం మీద ఇంత గట్టి ప్రయోగమేదీ నా కంటపడలేదు. గట్టి నీళ్ళతో జుట్టు బిరుసెక్కుతుంది, చిక్కులు పడుతుంది, దువ్వేటప్పుడు తెగుతుంది. కుదుళ్ళతో ఊడిపోవడం వేరే సంగతి. జుట్టు ఊడటానికి థైరాయిడ్, ఐరన్ లోపం లాంటివి కారణమైన చోట సాఫ్ట్‌నర్ కొనడం వల్ల పోయేది డబ్బు కంటే ముందు సమయం.

రెసిన్ గింజలు చేసే పని

సాఫ్ట్‌నర్ సిలిండర్‌లో ఉండేది రెసిన్. ఆవాలంత, అంతకంటే చిన్న, పసుపురంగు ప్లాస్టిక్ గింజలు. వాటినిండా సోడియం అయాన్లు కూర్చుని ఉంటాయి. నీళ్ళు గింజల మధ్య నుంచి వెళ్ళేటప్పుడు కాల్షియం అక్కడ ఎక్కి కూర్చుంటుంది, సోడియం దిగిపోతుంది. ఆర్టీసీ బస్సులో ఇద్దరి సీటును ఒక భారీ మనిషి ఆక్రమిస్తే ఇద్దరు లేచి నిలబడ్డట్టు, ఒక్కో కాల్షియంకు రెండేసి సోడియంలు దిగుతాయి.

టీడీఎస్ చిక్కుముడి ఇక్కడే విడిపోతుంది. నీళ్ళలోంచి ఏదీ మాయం కాలేదు, ఒకదాని స్థానంలో ఇంకొకటి వచ్చింది. 40 గ్రాముల కాల్షియం పోయినచోట 46 గ్రాముల సోడియం చేరుతుంది. అందుకే మొత్తం బరువు కొంచెం పెరుగుతుంది. సోడియం పెంకు కట్టదు, సబ్బును విరవదు. మనం కట్టిన డబ్బుకు వచ్చిన ఫలితం అదే, అది టీడీఎస్ మీటర్‌లో కనిపించదు.

కొన్నాళ్ళకు గింజలన్నీ కాల్షియంతో నిండిపోతాయి. అప్పుడు చిక్కటి ఉప్పునీళ్ళు ఎక్కిస్తే సోడియం సంఖ్యాబలంతో కాల్షియంను తోసేస్తుంది. ఆ కాల్షియం మిగిలిన ఉప్పుతో కలిసి డ్రెయిన్‌లోకి పోతుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. ముందు నీళ్ళను కింది నుంచి పైకి పంపి మడ్డిని కడగడం, తర్వాత ఉప్పునీళ్ళు ఎక్కించడం, తర్వాత ఉప్పంతా పోయేదాకా కడగడం. మాన్యువల్ వాల్వ్ అయితే ఈ పని వాచ్‌మనో ప్లంబరో చేయాలి. ఆటోమేటిక్ అయితే వాల్వే చేసుకుంటుంది, మనం తొట్టిలో ఉప్పు నింపితే చాలు. సాఫ్ట్‌నర్ బాగోలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం మాన్యువల్ వాల్వ్ దగ్గర ఎవరూ ఉప్పు వేయకపోవడమే అని నా అనుమానం.

రైతులకు ఈ రసాయనం తిరగేసి తెలుసు. సోడియం పట్టిన చౌడు నేలకు జిప్సం వేస్తారు. జిప్సంలోని కాల్షియం మట్టి రేణువుల మీది సోడియంను తోసేసి నేలను బాగుచేస్తుంది. సాఫ్ట్‌నర్ చేసేది దానికి సరిగ్గా వ్యతిరేకం. కాబట్టి సాఫ్ట్‌నర్ నీళ్ళతో ఏళ్ళ తరబడి పెరటి మొక్కలను తడిపితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. తోటకు వెళ్ళే పైపును సాఫ్ట్‌నర్‌కు ముందే విడగొట్టడం అందుకే.

నలుగురున్న ఇంటికి ఒక లెక్క

మనిషికి రోజుకు 135 లీటర్లన్నది మన నగరాల నీటి సరఫరా ప్రమాణం. అందులో స్నానానికి 55, ఫ్లష్‌కు 30, బట్టలకు 20, గిన్నెలకు 10, ఇల్లు కడగడానికి 10, వంటకు 5, తాగడానికి 5. నలుగురికి 540 లీటర్లు.

బోరు కాఠిన్యం 500 అనుకుందాం. అంటే లీటరుకు అర గ్రాము. 540 లీటర్లకు రోజుకు 270 గ్రాములు తీసేయాలి. ఒక లీటరు రెసిన్ ఒక రీజనరేషన్‌కు సుమారు 50 గ్రాముల కాఠిన్యాన్ని పట్టుకోగలదు, దానికి 120 గ్రాముల ఉప్పు కావాలి. ఉప్పు ఎక్కువ వేస్తే కాస్త ఎక్కువ పడుతుంది, తక్కువ వేస్తే తక్కువ. అసలు వ్యాపారమంతా ఈ రెండు అంకెల మీదే నడుస్తుంది.

25 లీటర్ల రెసిన్ ఉన్న సాఫ్ట్‌నర్ 1,250 గ్రాములు పడుతుంది. ఇల్లంతటికీ పెడితే నాలుగున్నర రోజులకోసారి 3 కిలోల ఉప్పు. ఏడాదికి దాదాపు 79 సార్లు, సుమారు 237 కిలోలు. ఒక్కో రీజనరేషన్‌కు కడగడానికి 200 లీటర్ల నీళ్ళు పోతాయనుకుంటే ఏడాదికి 15,800 లీటర్లు, అంటే మూడు చిన్న ట్యాంకర్లు.

ఇప్పుడు ఫ్లష్‌ను, ఇల్లు కడగడాన్ని, తాగడం, వంటలను పక్కనపెట్టి స్నానం, బట్టలు, గిన్నెల లైన్‌కు మాత్రమే పెడదాం. మనిషికి 85 లీటర్లు, నలుగురికి 340. రోజుకు 170 గ్రాములే. అదే యంత్రం ఏడు రోజులు దాటి వస్తుంది. ఉప్పు ఏడాదికి 150 కిలోల లోపు. మరుగుదొడ్డి ఫ్లష్‌లోకి మెత్తని నీళ్ళు పోయడానికే ఏటా 50 కిలోలకు పైగా ఉప్పు ఖర్చు చేయాలా అన్నది ఇల్లు కట్టేటప్పుడు, ప్లంబింగ్ గీసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న. టైల్స్ వేశాక అడిగితే గోడ పగలగొట్టాలి.

కొటేషన్లలో కనిపించే ఓబీఆర్ అన్న మాట కూడా ఈ లెక్కే, రెండు రీజనరేషన్ల మధ్య వచ్చే నీళ్ళు అని. బ్రోచర్‌లో "ఓబీఆర్ 5,000 లీటర్లు" అని పెద్దగా, "250 పీపీఎం దగ్గర" అని చిన్నగా రాసి ఉంటుంది. మన బోరు 500 అయితే అదే యంత్రం ఇచ్చేది 2,500 లీటర్లే.

మరో పరిమితి వేగం. నీళ్ళు గింజలను తాకుతూ వెళ్ళడానికి సమయం కావాలి కాబట్టి, గంటకు రెసిన్ పరిమాణానికి 40 రెట్లకు మించి పంపరు. 25 లీటర్లకు గంటకు 1,000 లీటర్లు, నిమిషానికి 16 చిల్లర. ఒకేసారి రెండు షవర్లకు పర్వాలేదు. ప్రెషర్ ఇంకో చిక్కు. ఆటోమేటిక్ వాల్వులకు సాధారణంగా ఒకటిన్నర, రెండు బార్ల ప్రెషర్ కావాలి. మేడ మీద మూడు మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు ఇచ్చేది 0.3 బార్ మాత్రమే. సొంత ఇళ్ళకు సాఫ్ట్‌నర్‌తో పాటు ప్రెషర్ పంపు ఖర్చు కూడా వచ్చిపడేది ఇందుకే.

షవర్‌కు తగిలించే ఫిల్టర్లు

పై లెక్కను చిన్న పరికరం మీద పెట్టి చూస్తే సరదాగా ఉంటుంది. షవర్ ఫిల్టర్‌లో 200 మిల్లీలీటర్ల రెసిన్ ఉందనుకుందాం. మిగతాదంతా బొగ్గు, రంగురంగుల రాతి గింజలు. ఆ రెసిన్ పట్టేది 10 గ్రాములు. లీటరుకు అర గ్రాము కాఠిన్యమున్న నీళ్ళలో అది 20 లీటర్లకు నిండిపోతుంది. ఒక బకెట్. రెసిన్ సిద్ధాంతపరంగా ఎంత పట్టగలదో అంతా పట్టినా రెండు బకెట్లు. "కార్ట్రిడ్జ్ మూడు నెలలు వస్తుంది" అన్నది క్లోరిన్ వాసన విషయంలో నిజం కావచ్చు, కాఠిన్యం విషయంలో ఆ లెక్క ఎక్కడా పొసగదు.

వాషింగ్ మెషీన్‌కు పక్కన పెట్టే చిన్న సాఫ్ట్‌నర్ సంగతి మధ్యస్థం. లీటరున్నర రెసిన్ ఉంటే 75 గ్రాములు, మన బోరు మీద 150 లీటర్లు. ఫ్రంట్ లోడ్ మెషీన్‌కు రెండు మూడు ఉతుకులు. ఆ తర్వాత ఉప్పు వేయాల్సిందే. ఓపిగ్గా వేసేవాళ్ళకు అది నిజంగా పనిచేస్తుంది.

ఉప్పు అక్కర్లేదనే పరికరాలు

పైపు చుట్టూ వైరు చుట్టే ఎలక్ట్రానిక్ కండిషనర్లు, అయస్కాంతాలు, ఉప్పు లేని ట్యాంకులు, పాలీఫాస్ఫేట్ బంతులు, అన్నిటినీ బజారులో సాఫ్ట్‌నర్ అనే అమ్ముతారు. వీటిలో ఏదీ కాల్షియంను నీళ్ళలోంచి తీయదు. తీస్తే ఆ కాల్షియం ఎక్కడికో పోవాలి కదా. ఉప్పు తీసుకోని, డ్రెయిన్‌లోకి ఏమీ వదలని యంత్రంలో అది పోవడానికి దారే లేదు.

అయితే అన్నిటినీ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. కాల్షియంను తీయకుండానే అది ఎలిమెంట్‌కు అతుక్కోకుండా చూడటం సాధ్యమే. టీఏసీ అనే పద్ధతిలో ప్రత్యేకమైన గింజల మీద కాల్షియం కార్బొనేట్ అతి సన్నని స్ఫటికాలుగా ఏర్పడి, పెంకు కట్టకుండా నీళ్ళతో పాటు కొట్టుకుపోతుంది. అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఉప్పు లేని పద్ధతులను పోల్చి చూసినప్పుడు పెంకును తగ్గించడంలో ఇదే బాగా ముందుంది. పాలీఫాస్ఫేట్ కూడా తక్కువ కాఠిన్యంలో, నీళ్ళు మరీ వేడెక్కని చోట కొంత సాయం చేస్తుంది. అయస్కాంతాల మీద ఫలితాలు ఒకచోట ఔనని, మరోచోట కాదని వచ్చాయి. ఒక ఇంట్లో పనిచేసింది పక్కింట్లో ఎందుకు పనిచేయలేదో చెప్పగలిగిన వివరణ లేదు. అలాంటిదానికి పాతిక వేలు పెట్టడానికి నేనైతే వెనకాడతాను.

గీజర్ బాగుంటే చాలు, సబ్బు నురగ రాకపోయినా పర్వాలేదు, ఉప్పు మోసే ఓపిక లేదు అనుకునేవాళ్ళకు టీఏసీ పరిశీలించదగ్గదే. పప్పు ఉడకాలి, తెట్టు పోవాలి అంటే దానివల్ల కాదు.

తాగే నీళ్ళకు సాఫ్ట్‌నర్ చేయని పనులు

సాఫ్ట్‌నర్ ఫ్లోరైడ్‌ను తీయదు. నల్గొండ, ప్రకాశం లాంటి చోట్ల ఇది మరీ గుర్తుంచుకోవాల్సిన మాట. నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే విధానాన్ని రూపొందించి దానికి నల్గొండ పేరే పెట్టింది. అది వేరే రసాయనం, వేరే పని. నైట్రేట్లు, క్రిములు, ఉప్పదనం కూడా సాఫ్ట్‌నర్ దాటి వచ్చేస్తాయి. వాటికి ఆర్ఓ కావాలి. సాఫ్ట్‌నర్ తర్వాత ఆర్ఓ ఉంటే మెంబ్రేన్ మీద సున్నం పట్టక ఎక్కువ కాలం వస్తుంది, చేరిన సోడియం కూడా చాలావరకు పోతుంది.

ఆ సోడియం ఎంతంటే, 100 కాఠిన్యానికి లీటరుకు 46 మిల్లీగ్రాములు. 500 బోరులో 230. సాఫ్ట్‌నర్ నీళ్ళే నేరుగా రెండు లీటర్లు తాగితే 460 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకు రోజుకు 2,000 మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆవకాయతో పోలిస్తే పెద్ద లెక్క కాదు కానీ, బీపీ మాత్రలు వేసుకుంటూ ఉప్పు తగ్గించుకోమన్న ఇంట్లో నాలుగో వంతు నీళ్ళలోంచే రావడం చిన్న సంగతీ కాదు.

ఇంటింటికా, అపార్ట్‌మెంట్ మొత్తానికా?

ఇక్కడ రెండు పక్షాల దగ్గరా న్యాయం ఉంది. మొత్తానికి ఒకే ప్లాంట్ పెడితే ఫ్లాటుకు ఖర్చు తగ్గుతుంది, బాల్కనీలో సిలిండర్లు ఉండవు, పైప్‌లైన్లన్నీ బాగుంటాయి. కాఠిన్యాన్ని సున్నాకు తేవాల్సిన పని కూడా లేదు. 600 కాఠిన్యమున్న నీళ్ళలో నాలుగింట మూడు వంతులు సాఫ్ట్‌నర్ గుండా పంపి, పావు వంతు నేరుగా కలిపితే 150 వస్తుంది. ఉప్పు పావు వంతు ఆదా, స్నానం చేశాక ఒళ్ళు జారుడుగా ఉందన్న ఫిర్యాదూ తగ్గుతుంది. సొంతంగా పెట్టుకునేవాళ్ళు చెప్పేది మరోటి: ప్లాంట్ ఆపరేటర్ సెలవు పెడితే 200 ఫ్లాట్లకు ఒకేసారి గట్టి నీళ్ళు, ఫ్లష్ నీళ్ళను కూడా మెత్తబరచి పారబోయడం, పైగా ఎవరు ఎంత వాడినా సమానంగా మెయింటెనెన్స్.

రెండు పక్షాలూ పెద్దగా మాట్లాడనిది ఉప్పునీళ్ళ గురించి. 3 కిలోల ఉప్పు వేస్తే రెసిన్‌కు నిజంగా పనికొచ్చేది కిలోన్నర లోపే. మిగతాది, తోసేసిన కాల్షియంతో కలిసి డ్రెయిన్‌లోకి పోతుంది. మురుగునీటిని శుద్ధి చేసే ఎస్టీపీకి ఉప్పును తీయడం చేతకాదు. శుద్ధి చేసిన ఆ నీళ్ళనే తోటకు పడితే నేల మెల్లగా చౌడెక్కుతుంది. డ్రెయిన్ పైపును ఇంకుడు గుంతలోకి వదిలేవాళ్ళూ ఉన్నారు. అది మళ్ళీ మన బోరులోకే దిగుతుంది. కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటాలో ఇళ్ళ సాఫ్ట్‌నర్ల ఉప్పు నదిలో కలిసి కింది పొలాలకు నష్టమని వాదన పెరిగి, 2008లో ఓటింగ్ పెట్టి మరీ ఉప్పుతో తనంతట తాను రీజనరేట్ అయ్యే సాఫ్ట్‌నర్లను నిషేధించారు. మన దగ్గర అలాంటి చర్చ ఇంకా పెద్దగా లేదు.

కొనేముందు, కొన్నాక పరీక్ష

కాఠిన్యం కొలిచే చిన్న కిట్లు దొరుకుతాయి. కొలిచి పోసిన నీళ్ళలో బఫర్, రంగు పొడి వేస్తే ద్రాక్షరసం ఎరుపు వస్తుంది. చుక్కల మందు లెక్కపెడుతూ వేస్తూ పోతే ఒక చుక్కకు ఠక్కున నీలంగా మారుతుంది. చుక్కకు ఎన్ని పీపీఎం అన్నది డబ్బా మీద రాసి ఉంటుంది. ల్యాబ్‌లో చేసే పరీక్ష కూడా దాదాపు ఇదే. దీంతో పాటు ఇనుము కూడా చూపించుకోవడం మంచిది. తోడినప్పుడు తేటగా ఉండి, బకెట్‌లో కాసేపు ఉంచితే ఎర్రబడే నీళ్ళు రెసిన్‌కు పెద్ద శత్రువు. గింజలకు తుప్పు పట్టుకుంటే ఎంత ఉప్పు వేసినా వదలదు, ముందు ఐరన్ రిమూవల్ ఫిల్టర్ కావాలి. ట్యాంకర్ నీళ్ళలో వచ్చే బురదకు ముందొక శాండ్ ఫిల్టర్. ఉప్పు విషయంలో మట్టి కలిసిన చవక కల్లుప్పు వాల్వులను మూసేస్తుంది, కడిగిన శుభ్రమైన ఉప్పో టాబ్లెట్ ఉప్పో వాడినవాళ్ళకు ఆ బాధ తక్కువ.

కాఠిన్యం 200 లోపు వస్తే నా ఉద్దేశంలో సాఫ్ట్‌నర్ అవసరమే లేదు. గీజర్ థర్మోస్టాట్ తగ్గించి, షవర్ మూతులను అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే సరిపోతుంది. 200 నుంచి 350 దాకా ఉన్నవాళ్ళు గీజర్, వాషింగ్ మెషీన్ లైన్‌తో మొదలుపెట్టి చూడొచ్చు. 400 దాటిన బోరు మీదే పూర్తిగా ఆధారపడ్డ ఇంటికి మాత్రం ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్‌కు సాటి వచ్చేది ఇంకా రాలేదు.

బిగించాక కూడా అదే చుక్కల కిట్ పనికొస్తుంది. రీజనరేషన్ అయిన మర్నాడు రంగు పొడి వేయగానే, చుక్క మందు అక్కర్లేకుండానే నీలం రావాలి. వారం చివర్లో రెండు మూడు చుక్కలు పడుతున్నాయంటే రెసిన్ నిండుతోందన్నమాట. మొదటి రోజే ఎరుపు వస్తే ఉప్పు వేయలేదో, వాల్వ్ బైపాస్‌లో ఉండిపోయిందో చూసుకోవాలి.